తాత వేళ్లు కనబడాలంటే
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

 ఈ ఏడు దండారికి ముందే మన యువకులంతా తలా ఇంత వేసుకొని వీడియో తీసే సామాను కొనుక్కుందామని నిర్ణయించారు. కెమెరా ఎలాగో ఉంది, లెన్స్ కావాలి, సినిమా వాళ్లు వాడే జూమ్ లెన్స్ అయితే బాగుంటుంది, దాని గురించి ఒక మాట చెప్పండి మేడం అని అడిగారు. అందుకే వచ్చాం.

హాస్టల్ వార్డెన్‌కి లెన్సులతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకుంటున్నట్టుంది. నిజమే. మా రోజు పొద్దున బియ్యం కొలవడంతో మొదలై రాత్రి పిల్లల తలలు లెక్కపెట్టడంతో ముగుస్తుంది. చదివింది టీచర్ ట్రైనింగ్. ఏది చెప్పినా బోర్డు మీద లెక్క వేసి చెప్పడం అలవాటు. ఈ రోజూ అదే చేస్తాం. కానీ లెక్కకు ముందు, ఈ లెక్క మేం ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో చెప్పాలి.

కొన్నేళ్ల కింద మా హాస్టల్ పిల్లలకు సెలవుల్లో ఒక పని ఇచ్చాం. ఊళ్లో పెద్దవాళ్ల పాటలు, కథలు తీసుకురండి అని. ఒక పిల్ల వాళ్ల పక్క గూడెంలో కిక్రి వాయించే ప్రధాన్ తాత ఉన్నాడని చెప్పింది. కిక్రి మీకు తెలిసిందే, మూడు తీగలు, కమానుతో వాయిస్తారు. మన పూర్వీకుల కథలన్నీ దాని మీదే కదా ఇంతదూరం వచ్చాయి. తాత దగ్గరికి వెళ్లి, మాట్లాడి, ఒప్పించి, ఒక రాత్రి పూట కెమెరా పెట్టుకొని కూర్చున్నాం. కెమెరా మా దగ్గర చదువుకొని ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న అమ్మాయిది. దానితో పాటు పెట్టెలో వచ్చిన చిన్న జూమ్ లెన్సే ఉంది.

మొదట తాత, చుట్టూ కూర్చున్నవాళ్లు అంతా కనబడేలా పెట్టాం. బాగానే ఉంది. కథ నడుమకు వచ్చింది, తాత వేళ్లు తీగల మీద పరుగెత్తుతున్నాయి. అది దగ్గరగా తీద్దామని జూమ్ తిప్పాం. తిప్పగానే బొమ్మ మసకబారింది. కెమెరా తనంతట తాను వెలుగు పెంచుకోబోయింది, బొమ్మంతా రవ్వరవ్వ అయింది. ఫోకస్ తాతను వదిలి వెనక గోడ మీదికి పోయింది. అది వచ్చే లోపల తాత ఆ ఘట్టం దాటిపోయాడు. చిన్న తెర మీద మాకు ఇదేం తెలియలేదు. హాస్టల్‌కు వచ్చి టీవీలో పెట్టుకుంటే కనబడింది.

మళ్లీ వెళదాం అనుకున్నాం. పరీక్షలు, తర్వాత వానలు. తర్వాత తాత లేడు.

ఇప్పుడు ఆయన మనవడు ఒకడు కిక్రి నేర్చుకుంటానంటున్నాడు. మా వీడియో ఇచ్చాం. రెండు రోజుల తర్వాత వచ్చి, "మేడం, పాట ఇనబడుతుంది గని తాత వేళ్లు కనబడతలేవు" అన్నాడు. గొంతు మిగిలింది, వేళ్లు మిగలలేదు. ఆ పిల్లవాడికి ఇచ్చే జవాబు మా దగ్గర ఈ రోజుకూ లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు నేర్చుకున్నాం. మీరు మాలాగా తప్పు చేసి నేర్చుకోవద్దని చెబుతున్నాం.

అసలు మనకు జూమ్ ఎందుకు? సినిమా షూటింగులో అయితే ఒక లెన్స్ తీసి ఇంకో లెన్స్ పెడతారు, నటుణ్ని మళ్లీ చేయమంటారు. మన దగ్గర అది కుదరదు. గుస్సాడీని ఆగు అనలేం. కేస్లాపూర్‌లో నాగోబా పూజ జరుగుతుంటే ఒక్క నిమిషం ఉండండి, లెన్స్ మార్చుకుంటాం అనలేం. ఒకే చోట నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా, దూరంగా ఉన్నదాన్నీ దగ్గరగా ఉన్నదాన్నీ ఆపకుండా తీయాలి. అది జూమ్ చేసే పని. కాబట్టి జూమ్ కావాలన్న మీ ఆలోచన సరైనదే. ఏ జూమ్ అన్నదే ప్రశ్న.

దుకాణానికి వెళితే వాళ్లు కంపెనీ పేరు చెబుతారు, ధర చెబుతారు. మీరు నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న. జూమ్ తిప్పితే వెలుగు తగ్గుతుందా?

మామూలుగా కెమెరాతో వచ్చే లెన్స్ మీద 18 నుంచి 55 అని, పక్కన 3.5 నుంచి 5.6 అని ఉంటుంది. మొదటిది ఎంత దూరం లాగుతుందో చెప్పే సంఖ్య, దాన్ని ఫోకల్ లెంగ్త్ అంటారు, మిల్లీమీటర్లలో ఉంటుంది. రెండోది వెలుగు వచ్చే రంధ్రానికి సంబంధించింది, దాన్ని ఎఫ్ సంఖ్య అంటారు. ఎఫ్ సంఖ్య పెరిగితే వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? 3.5ను 5.6తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. 0.39 వస్తుంది. అంటే 18 దగ్గర 100 పాళ్ల వెలుగు వస్తే 55 దగ్గరికి పోయేసరికి 39 పాళ్లే. తాత బొమ్మ మసకబారింది ఇందుకే.

కాబట్టి కొనేటప్పుడు లెన్స్ మీద ఒకే ఎఫ్ సంఖ్య ఉందో లేదో చూడండి. 2.8 అని ఒక్కటే ఉంటే, లేదా 4 అని ఒక్కటే ఉంటే, జూమ్ ఎంత తిప్పినా వెలుగు అంతే ఉంటుంది.

సినిమా లెన్స్ మీద ఎఫ్ బదులు టి అని ఉంటుంది. తేడా ఏమిటంటే, తూము ఎంత వెడల్పో ఎఫ్ చెబుతుంది, చివరి మడికి ఎన్ని నీళ్లు చేరాయో టి చెబుతుంది. లెన్స్ లోపల ఎన్నో గాజులుంటాయి. అవి కొంత వెలుగును తాగేస్తాయి. తాగగా మిగిలింది కొలిచి రాసేదే టి సంఖ్య. సిగ్మా కంపెనీ 2013లో 18-35 అనే ఫొటో లెన్స్ తెచ్చింది, అది ఎఫ్ 1.8. అదే గాజును సినిమా డబ్బాలో పెట్టి 2016లో అమ్మకానికి తెచ్చినప్పుడు టి 2 అని రాశారు. గాజు మారలేదు, లెక్క నికరంగా రాశారు. ధర మాత్రం మారింది. ఫొటో లెన్స్ వచ్చినప్పుడు 799 డాలర్లు, సినిమా లెన్స్ 3,999 డాలర్లు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాం.

రెండో ప్రశ్న. జూమ్ తిప్పితే ఫోకస్ నిలుస్తుందా?

దగ్గరికి లాగి ఫోకస్ సరిచేసి, మళ్లీ వెనక్కి తీసినా ఫోకస్ చెదరకుండా ఉండే లెన్స్‌ను పార్‌ఫోకల్ అంటారు. అసలైన సినిమా జూమ్‌కు ఇది ముఖ్యమైన గుణం. ఫొటో జూమ్‌లలో చాలావాటికి ఇది ఉండదు. ఫొటో తీసేవాడు జూమ్ తిప్పాక మళ్లీ ఫోకస్ చేసుకుంటాడు, ఆ ఒక్క క్షణం అతనికి నష్టం లేదు. వీడియోలో ఆ క్షణం కూడా రికార్డవుతుంది. మా వీడియోలో తాత వెనక గోడ ఎంత స్పష్టంగా రికార్డయిందో చెప్పాం కదా.

కాగితం మీద పార్‌ఫోకల్ అని రాసి ఉందా లేదా అన్నదానికన్నా, మీరే పరీక్ష చేసుకోవడం మేలు. 3 మీటర్ల దూరంలో గోడకు దినపత్రిక అంటించండి. లెన్స్‌ను పూర్తిగా దగ్గరికి లాగి, అక్షరాల మీద చేత్తో ఫోకస్ పెట్టండి. ఆటో ఫోకస్ ఆపేయండి. రికార్డు చేస్తూ మెల్లగా వెనక్కి తీసుకుంటూ, నడుమ రెండు చోట్ల ఆగండి. ఆ వీడియోను పెద్ద తెర మీద చూడండి. ఆగిన ప్రతి చోటా అక్షరాల అంచులు పదునుగా ఉంటే ఆ లెన్స్ మన పనికి వస్తుంది. ఎప్పుడైనా ఫోకస్ దగ్గరికి లాగే పెట్టాలి, వెనక నుంచి పెడితే తప్పు కనబడదు.

మూడో ప్రశ్న. ఎంత దూరం నుంచి ఏం కనబడాలి?

ఇక్కడ లెక్క ఉంది, రాసుకోండి. మీ దగ్గరున్న లాంటి కెమెరాల్లో, సినిమా వాళ్లు సూపర్ 35 అనే కొలతకు దగ్గరగా, సెన్సార్ వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. 24ను మీరు నిలబడ్డ దూరంతో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, తెర మీద ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో వస్తుంది.

దండారి ఆడుతున్నారు, మీరు 10 మీటర్ల దూరంలో ఉన్నారు. 18 దగ్గర పెడితే 13 మీటర్ల వెడల్పు కనబడుతుంది. వలయం, డోలు వాళ్లు, పెప్రె వాళ్లు, అందరూ వస్తారు. 55కు లాగితే 4.4 మీటర్లు, ముగ్గురు నలుగురు గుస్సాడీలు తల నుంచి కాలి గజ్జెల దాకా. 105కు లాగితే 2.3 మీటర్లు, ఒక్క గుస్సాడీ పై సగం, నెమలి ఈకల టోపీతో సహా. అడుగు నేర్చుకోవాలంటే కాళ్లు కనబడాలి. టీవీలో వచ్చే వీడియోల్లో ముఖం, టోపీ దగ్గరగా చూపిస్తారు. అది చూసేవాళ్లకు బాగుంటుంది, నేర్చుకునేవాళ్లకు కాదు. మార్లవాయి గుస్సాడీ కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆయన పిల్లలను ఎదురుగా నిలబెట్టి నేర్పారు కాబట్టి ఆ అడుగు వాళ్ల కాళ్లలో మిగిలింది. ఎదురుగా నిలబెట్టి నేర్పే మనిషి లేని చోట వీడియోనే ఆ మనిషి కావాలి.

ఇక తాత లెక్క. మేం 3 మీటర్ల దూరంలో కూర్చున్నాం. లెన్స్ 55 దాకానే పోతుంది. 24ను 3తో గుణించి 55తో భాగిస్తే 1.3 మీటర్లు. అంటే తాత, ఆయన పక్కన ఇంకొకరి భుజం. వేళ్లు ఎక్కడో చిన్నగా. వెలుగు సరిపోయినా, ఫోకస్ నిలిచినా, ఆ లెన్స్‌తో వేళ్లు నేర్చుకునేంత పెద్దగా పడేవి కావు. అదే 105 అయితే 69 సెంటీమీటర్లు. కిక్రి మెడ, రెండు చేతులు నిండుగా తెర మీద ఉంటాయి. ఈ చిన్న లెక్క ఆ రోజు వచ్చి ఉంటే మేం లెన్స్ అడిగి తెచ్చుకొనేవాళ్లం, లేదంటే తాతకు ఒకటిన్నర మీటరు దగ్గరికి జరిగి కూర్చొనేవాళ్లం. దానికి పైసా ఖర్చు లేదు.

నాలుగో ప్రశ్న. మన కెమెరాకు పడుతుందా, మన చేతులు మోస్తాయా?

లెన్స్ బిగించే మూతిని మౌంట్ అంటారు. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. ఆ మూతి నుంచి సెన్సార్‌కు ఉండే దూరం సోనీ ఈ మౌంట్‌లో 18 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో 44, పెద్ద సినిమా కెమెరాల పీఎల్ మౌంట్‌లో 52. ఎక్కువ దూరం లెన్స్‌ను తక్కువ దూరం కెమెరాకు నడుమ ఒక అడాప్టర్ పెట్టి బిగించవచ్చు. తక్కువ దూరం లెన్స్‌ను ఎక్కువ దూరం కెమెరాకు అలా పెట్టలేం. కాబట్టి ఈఎఫ్ లెన్స్ సోనీ కెమెరాకు వస్తుంది, సోనీ లెన్స్ ఈఎఫ్ కెమెరాకు రాదు. రేపు కెమెరా మారుస్తారేమో అన్నది కూడా ఆలోచించి కొనండి.

ఇంకో సంగతి. తక్కువ ధర సినిమా జూమ్‌లు చాలావరకు సూపర్ 35కే చేసినవి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు పెడితే మూలలు నల్లబడతాయి. అప్పుడు కెమెరాలో క్రాప్ మోడ్ పెట్టాలి. కొన్ని కెమెరాలకు ఆ మోడ్‌లో 4కే రాదు. 12 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరాను క్రాప్ చేస్తే 5 చిల్లర మిగులుతాయి, 4కే వీడియోకు 8 పైన కావాలి. ఈ లెక్క దుకాణంలో ఎవరూ చెప్పరు.

బరువు, దుమ్ము కూడా చూడాలి. జాతరలో దుమ్ము ఎట్లా లేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. జూమ్ తిప్పితే ముక్కు ముందుకు సాగే లెన్స్ తిత్తిలాగా గాలిని, దుమ్మును లోపలికి పీలుస్తుంది. పొడవు మారకుండా లోపలే తిరిగే లెన్స్ అయితే మనకు మంచిది. వానాకాలంలో గాజు మీద బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

సరే, నాలుగు ప్రశ్నలు అయ్యాయి. ఇప్పుడు ఏది కొనాలి?

నిజమైన సినిమా జూమ్‌లలో తక్కువ ధరవి అంటే ఇవీ పేర్లు. ఫుజినాన్ ఎంకే 18-55, దానికి జోడీ 50-135. 2017లో వచ్చాయి. రెండూ టి 2.9, ఒక్కోటి కిలోకు కాస్త తక్కువ. పార్‌ఫోకల్. ఫోకస్ రింగు 200 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి చేత్తో మెల్లగా, సరిగ్గా పెట్టుకోవచ్చు. రింగుల మీద పళ్లుంటాయి, ఫాలో ఫోకస్ చక్రం తగిలించుకోవచ్చు. సిగ్మా 18-35, 50-100, రెండూ టి 2, చీకట్లో బలం ఎక్కువ, కానీ లాగే దూరం తక్కువ. కెనాన్ 18-80, టి 4.4, దీనికి మోటారు ఉంది, మీట నొక్కితే జూమ్ నునుపుగా కదులుతుంది. సోనీ 18-110, ఎఫ్ 4, దీనికీ మోటారు ఉంది. డీజెడ్ఓ ఫిల్మ్ కంపెనీ పిక్టర్ 20-55, 50-125, రెండూ టి 2.8, పార్‌ఫోకల్, ఈఎఫ్, పీఎల్ మౌంట్లు మార్చుకోవచ్చు.

మంచివే అన్నీ. ధర వినండి. ఫుజినాన్ జోడీ వచ్చినప్పుడు అమెరికాలో 3,799, 3,999 డాలర్లు. రెండూ కలిపి మన డబ్బుల్లో ఆరు లక్షలు దాటుతుంది, పన్నులు వేరే. సినిమా పరిశ్రమలో దీన్ని చవక అంటారు. అక్కడ అది చవకే. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి తలా ఇంత వేసుకున్న మన ఇళ్లలో దాన్ని చవక అనలేం.

అందుకని మా మాట ఇది. సినిమా లెన్స్‌ను కొనవద్దు, సినిమా లెన్స్ గుణాలున్న దాన్ని కొనండి.

మీ కెమెరా సోనీ చిన్న సెన్సార్‌ది కాబట్టి ఉదాహరణకు మూడు చెబుతాం. సోనీ 18-105, ఎఫ్ 4, 2013లో 599 డాలర్లకు వచ్చింది. అర కిలో కూడా లేదు. జూమ్ అంతా లోపలే, పొడవు మారదు. వెలుగు మారదు. మోటారు జూమ్ ఉంది. టామ్రాన్ 17-70, ఎఫ్ 2.8, 2021లో 799 డాలర్లు. దీనికి వెలుగు రెట్టింపు, కానీ లాగే దూరం తక్కువ, జూమ్ చేత్తోనే. సిగ్మా 18-50, ఎఫ్ 2.8, 2021లో వచ్చినప్పుడు 549 డాలర్లు, 290 గ్రాములే, కానీ 50 దగ్గర ఆగిపోతుంది. ఇవేవీ పార్‌ఫోకల్ అని నమ్మి కొనకండి. దినపత్రిక పరీక్ష చేయండి. ఫోకస్ చెదిరితే జూమ్ తిప్పే క్షణాన్ని పాట మొదలుకు ముందో, చరణాల నడుమనో పెట్టుకోండి.

మాకైతే మొదటిది కావాలి. ఎందుకంటే మన పనికి 105 కావాలని లెక్కలో తేలింది. చీకట్లో ఎఫ్ 4 సరిపోతుందా అని అడుగుతారు. దానికీ లెక్క ఉంది. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 2కు పోతే వెలుగు 4 రెట్లు అవుతుంది, దానికి ఎక్కువ డబ్బు కావాలి. చిన్న దీపాన్ని మనిషికి 2 మీటర్ల దూరం నుంచి 1 మీటరుకు జరిపినా వెలుగు 4 రెట్లే. దానికి ఒక అడుగు వేస్తే చాలు. ఎల్ఈడీ దీపానికి ముందు పలుచటి తెల్ల బట్ట కట్టి, పాడేవాళ్లకు పక్కగా, కళ్లలో పడకుండా పెట్టండి. వాళ్లను అడిగే పెట్టండి.

అడగకూడని చోట్లు కూడా ఉన్నాయి. నాగోబా దగ్గర మెస్రం వంశం వాళ్ల కొత్త కోడళ్ల భేటింగ్ రాత్రి పూట జరుగుతుంది. అక్కడికి దీపం పట్టుకొని పోవడం మన పని కాదు. పెద్దలు తీసుకోమంటే, ఉన్న వెలుగులోనే తీయాలి. అలాంటి ఒకటి రెండు రాత్రుల కోసం టి 2 గానీ టి 2.9 గానీ లెన్స్‌ను హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకోండి. రెండు రోజుల ముందే తెచ్చి, మీ కెమెరాకు పెట్టి, దినపత్రిక పరీక్ష చేసి, అప్పుడు పట్టుకెళ్లండి. ఏడాదిలో రెండు రాత్రుల పనికి ఆరు లక్షలు బీరువాలో పెట్టుకోవద్దు.

ఏమీ కొనలేని వాళ్లకు కూడా ఉపాయం ఉంది. కెమెరాతో వచ్చిన లెన్స్‌నే వాడండి, కానీ మొదటి నుంచే ఎఫ్ 5.6 పెట్టి, ఐఎస్ఓను ఆటోలో వదలకుండా ఒక చోట నిలపండి. అప్పుడు జూమ్ తిప్పినా వెలుగు మారదు. చేత్తో తిప్పితే జూమ్ కుదుపులు వస్తాయి కదా, మా పిల్లలు దానికి జడ రబ్బరు కనిపెట్టారు. జూమ్ రింగుకు జుట్టు రబ్బరు ఒక చుట్టు చుట్టి, దాని కొస పట్టుకొని మెల్లగా లాగండి. రబ్బరు సాగడం వల్ల మొదలు, ఆగడం మెత్తగా ఉంటాయి. మోటారు జూమ్ అంత కాదు గానీ పని జరుగుతుంది.

పగటి పూటకు ఒక మాట. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే షట్టర్ 50వ వంతు పెడతాం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బుల మినుకు కూడా దానికి పడదు. కానీ ఎండలో ఆ షట్టర్‌తో బొమ్మ తెల్లగా తేలిపోతుంది. నల్ల గాజు, ఎన్‌డీ ఫిల్టర్ అంటారు, 32లో ఒక వంతు వెలుగు విడిచేది ఒకటి కొనండి. కొనేముందు లెన్స్ మూతి కొలత చూసుకోండి. సోనీ 18-105కు 72 మిల్లీమీటర్లు, టామ్రాన్‌కు 67.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకెలు చెప్పండి. 799, 3,999. గాజు ఒకటే. ఎక్కువ ఇచ్చిన డబ్బు దేనికి? పళ్లున్న రింగులకు, గట్టి డబ్బాకు, ఫోకస్ దూరం కచ్చితంగా కొలిచి రాసిన గీతలకు. ఫోకస్ లాగడానికే ఒక మనిషిని పెట్టుకొనే సినిమా యూనిట్‌కు ఆ డబ్బు వృథా కాదు. ఒక్కడే కెమెరా పట్టుకొని, మైకు చూసుకొని, దీపం జరుపుకొనే మనకు ఆ డబ్బు వేరే చోట కావాలి. లెన్స్ కొనగా మిగిలిన దానితో మెత్తగా తిరిగే తలకాయ ఉన్న ట్రైపాడ్ కొనండి. మంచి మైకు కొనండి. 105 దగ్గర చేతి వణుకు కూడా భూకంపంలా కనబడుతుంది. కిక్రి మంద్రం వినబడకపోతే వేళ్లు కనబడి ఏం లాభం?

చివరగా రెండు మాటలు.

జూమ్ లెన్స్ దూరం నుంచి దగ్గరికి లాగుతుంది. ఎదుటి మనిషికి తెలియకుండానే ఆమె కన్నీళ్ల దాకా, దేవుడి గుడి లోపలి దాకా పోగలదు. పోగలదు కాబట్టి పోవచ్చని కాదు. ముందే కటోడాను, పటేల్‌ను, పాడే మనిషిని అడగండి. ఎక్కడిదాకా తీయవచ్చో వాళ్లు చెబుతారు. అక్కడ ఆగండి.

రెండోది. 1940లలో హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో మన వాళ్ల మధ్య ఉండి ఎన్నో ఫొటోలు, ఫిల్ము తీశారు. 1943లో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది కూడా ఆ ఊళ్లోనే. ఆ బాటలోనే మాలాంటి వాళ్లం టీచర్లమయ్యాం. ఆయన తీసినవి ఇప్పుడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉండటం సంతోషమే. కానీ మన ముత్తాతల బొమ్మలు సముద్రం దాటిపోయి ఉన్నాయి. మీరు తీసేది అలా కావద్దు. తీసిన ప్రతిదీ రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి సంఘం దగ్గర, ఒకటి పాడిన మనిషి ఊళ్లో. ఏ ఊరు, ఏ పాట, ఎవరు పాడారు, ఏ రోజు అన్నది కాగితం మీద రాసి దానికి కట్టండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన దగ్గర కిక్రి వాయించే చేతులు ఇంకా ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. మీ లెన్స్ వచ్చేదాకా ఆగకండి. ఈ దండారికి ఉన్న కెమెరా, జడ రబ్బరు పట్టుకొని వెళ్లండి, దగ్గరగా కూర్చోండి. ఆ తాత మనవడు మా హాస్టల్ గేటు దగ్గరికి ఇప్పటికీ వచ్చి అడుగుతున్నాడు, వేళ్లు కనబడే వీడియో ఎక్కడైనా దొరికిందా మేడం అని. ఈసారి ఇంకో తాత వేళ్లయినా సరే, అతనికి చూపించాలని మా ఆశ. మీరు తెచ్చివ్వండి.

జై సేవా. సెలవు.